రాయిగా ధ్రువీకరించబడిన జీపు

గరికదిన్నె ఇసుక మేటలను ఎడారి అని పిలవడం మొదలుపెట్టినది ప్రభుత్వమే. అంతకు ముందు ఊరివాళ్ళు వాటిని దిబ్బలనేవారు. గాలికాలం వచ్చినప్పుడల్లా అవి కదిలివచ్చి వేరుశనగ చేలను మింగుతున్నాయని, కనబడిన ప్రతి అధికారికీ మొరపెట్టుకునేవారు. ఆ మొర ఆలకించి, ఇసుకను ఆపడానికి ఒక కార్యాలయం వెలిసింది. అది సరుగుడు మొక్కలు నాటింది; మొక్కలను మేకలు తిన్నాయి. ఇంతలో రాజధానిలో ఎవరికో ఎడారి విహారం మీద మక్కువ పుట్టింది. దూరదేశాలలో జనం ఎదురు డబ్బిచ్చి ఇసుకలో జీపులు తోలుకుంటారనీ, అదే ఇసుక మనకు అడగకుండానే వస్తున్నదనీ గ్రహించారు. ఇసుకను ఆపే కార్యాలయం గుమ్మం మీది పలక మార్చుకుని, ఇసుకను ప్రోత్సహించే కార్యాలయమైంది. దానికి మరుభూమి సాహసయాత్రా మండలి అని పేరు. సిబ్బంది వాళ్ళే, కుర్చీలు అవే, మేకలు కూడా అవే.

మండలిలో అహోబలరావుది ఉద్ధరణ విభాగం. ఇసుకలో కూరుకుపోయిన వాహనాలను వెలికి తీయడం దాని పని. అందుకోసం ఎక్కడినుంచో ఒక పెద్ద లాగుడు వాహనాన్ని తెప్పించారు. దాని ముక్కుకు గిలక, గిలకకు ఇనుప తాడు, తాడుకు కొక్కెం, కొక్కేనికి ప్రారంభోత్సవం నాటి నిమ్మకాయలు ఉండేవి. కొత్త మోజులో సిబ్బంది ఒకనాడు తుమ్మచెట్టు నీడన ఆగి ఉన్న కారును చూసి, కొక్కెం తగిలించి, రోడ్డు దాకా ఈడ్చుకొచ్చారు. కారు కూరుకుపోలేదు. లోపల నలుగురు కూర్చుని చిత్రాన్నం తింటున్నారు. ఆ నలుగురిలో ఒకరు ఒక పెద్దవారి బావమరిది కావడం వల్లా, చిత్రాన్నం సరిగ్గా ఆయన ఒడిలోనే ఒలికినందువల్లా, ఇటువంటిది మళ్ళీ జరగకుండా ఒక నిబంధన అవసరమైంది. దానిని అహోబలరావు రాశాడు.

నిబంధనలు రాయడంలో ఆయన దిట్ట. తాళం వేసిన గదికి మరో తాళం వేసినట్టు ఉండేది ఆయన వాక్యం. కూరుకుపోయినట్లు ధ్రువీకరించబడనిదే ఏ వాహనమూ ఉద్ధరించబడరాదు. ధ్రువీకరించవలసినది స్థితి నిర్ధారణ సంఘం. ఆ సంఘం దూరం నుంచి గాక, మండలి వాహనంలోనే వెళ్ళి, పక్కనే నిలిచి, కళ్ళారా చూడవలెను. అంతవరకు చక్రాల చుట్టూ ఇసుక తవ్వరాదు, చక్రాలలో గాలి తీయరాదు. అట్లు చేసినచో స్థితికి సాక్ష్యం చెడును. ప్రయాణికులు దిగరాదు, దిగినచో అది కూరుకుపోయిన వాహనం గాక, విడిచిపెట్టబడిన వస్తువుగా పరిగణించబడి వేలమునకు వచ్చును.

ఈ నిబంధనను లోకంలో అందరికంటే ముందు విన్నది ఆయన భార్య వకుళ. డిగ్రీ కాలేజీలో చాలాకాలం తెలుగు చెప్పి, ఆ ఏడే ఉద్యోగ విరమణ చేసిన మనిషి. ఆయన తాను రాసినదేదైనా ఉదయం కాఫీ దగ్గర ఆమెకు చదివి వినిపించేవాడు. ఆమె విని, రెండు విభక్తులు సవరించి ఇచ్చింది. అర్థం సవరించమని ఆయన అడగలేదు.

ఆ విభక్తుల ఫలం ఆమెకు అష్టావధానం రోజున అనుభవానికి వచ్చింది.

పట్నంలో సాహితీ సమితివారు ఏటేటా అవధానం జరిపిస్తారు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు విసురుతుంటే అవధాని వాటిని మనసులోనే పట్టి ఉంచి పద్యాలు చెబుతాడు. ఆ ఎనిమిదింటిలో సభ ఎదురుచూసేది అప్రస్తుత ప్రసంగం కోసం. అవధాని పద్యపాదం అల్లుకుంటూ ఉండగా ఏ సంబంధమూ లేని మాట అడ్డువేసి, ఆయన ధారను తెంచడానికి చూడటం ఆ కుర్చీలో కూర్చున్నవారి పని. ఆ పట్నంలో ఆ కుర్చీ ఎన్నడూ పంచె దాటి చీర మొహం చూడలేదు. సమితి కార్యదర్శి శేషగిరి ఆమెను దత్తపది తీసుకోమన్నాడు. నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమనడం స్త్రీలకు హుందాగా ఉంటుందన్నాడు. అప్రస్తుతం ఆడవాళ్ళకు అలవాటు లేని విద్య అని నచ్చజెప్పాడు. ప్రభుత్వానికి నిబంధనలు రాసే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాననీ, అప్రస్తుతంలో తనకున్నంత అభ్యాసం జిల్లాలో మరొకరికి ఉండదనీ ఆమె చల్లగా మనవి చేసుకుంది. శేషగిరి మెత్తబడి, ఒక షరతు పెట్టాడు. ప్రార్థన పద్యాలు ముగిసేలోగా ఆమె కుర్చీలో లేకపోతే, అందులో ఆయన బావమరిది కూర్చుంటాడు. బావమరిది అప్పటికే జోకులు కంఠతా పట్టి సిద్ధంగా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె బస్సుకు బయలుదేరుతుంటే అహోబలరావు ఆపాడు. తానే జీపులో దించుతానన్నాడు. తారురోడ్డు చుట్టు తిరిగి పోతుంది; ఎడారి దారిన పోతే దగ్గర; పైగా తాను ఇంత చేసిన ఎడారిని ఆమె ఒక్కసారైనా చూడలేదు. ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఏదో చిన్నపిల్లవాడి ఆశ వినిపించి, ఆమె సరేనంది. జీవితంలో వివేకవంతులు చేసే పొరపాట్లన్నీ ఇటువంటి సరేల దగ్గరే మొదలవుతాయి.

దారిలో ఆయన ఉత్సాహంగా చూపించుకుంటూ పోయాడు. ఒకచోట తుప్పుపట్టిన రోడ్డు రోలరు ఒకటి ఇసుకలో సగం దిగబడి ఉంది. రోడ్లశాఖవారు ఎప్పుడో వదిలిపోయినది. ఎడారికి శిలలు లేని లోటు తీరాలని, సంచాలకులు తమ ప్రత్యేకాధికారంతో దానిని ప్రాచీన శిలగా ప్రకటించారని ఆయన చెప్పాడు. ఆమె ఆ శిలకున్న స్టీరింగును కాసేపు చూసింది. దానిని దాటి రెండు దిబ్బలు ఎక్కి మూడోది దిగబోతుండగా జీపు మూలిగి, వెనక చక్రాలు ఇసుకను చిమ్మి, ఇరుసుదాకా కూర్చుండిపోయింది.

డ్రైవరు ఖాజావలి ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏం కాలేదు సార్. నాలుగు చక్రాల్లోనూ కొంచెం గాలి తీస్తా. టైరు పరుచుకుంటాది, బండి తేలి వస్తాది. అమ్మగారు కాఫీ తాగినంత సేపు."

"గాలి తీయరాదు," అన్నాడు అహోబలరావు.

"ఎందుకు సార్?"

ఎందుకో ఆయన చెప్పాడు. ఖాజావలి చాలాసేపు విని, చివరికి తాను దిగి బీడీ కాల్చుకోవచ్చునా అని మాత్రం అడిగాడు. డ్రైవరు ప్రయాణికుడవునో కాదో నిబంధనలో స్పష్టంగా లేదు గనుక, ఒక కాలు లోపలే ఉంచి కాల్చుకోమని ఆయన అనుమతించాడు.

దిబ్బ మీదినుంచి తారురోడ్డు చక్కగా కనిపిస్తున్నది. రోడ్డు పక్క షెడ్డులో లాగుడు వాహనం కూడా, దాని కొక్కెం కూడా కనిపిస్తున్నాయి. వకుళ రోడ్డు వైపు చూసి, నడిచిపోతానని లేచింది. ఆమె చెప్పు ఇసుకకు తగిలీ తగలకముందే ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె దిగితే జీపు వేలమునకు వస్తుంది. జీపు వేలానికి వస్తే, తన నిబంధనను తానే అతిక్రమించినవాడిగా తన ఉద్యోగం దాని వెనకే వస్తుంది. ఈ మాట ఆయన అధికారిలా చెప్పలేదు. భయపడ్డ మనిషిలా చెప్పాడు. ఆమె మళ్ళీ కూర్చుంది. సంఘానికి ఫోను చేయమంది.

సంఘం వెంటనే బయలుదేరింది. దాని అధ్యక్షుడు పరాంకుశం సన్నగా, ఎప్పుడూ ఏదో తీర్పు చెప్పబోతున్నట్టు ఉండే మనిషి. ఇద్దరు సభ్యులతో మండలి వాహనంలో వచ్చి, నిబంధన ప్రకారం పక్కనే నిలవబోయాడు. నిలిచాడు కూడా. ఆ నిలవడంలో ఆయన వాహనం ఇరుసుదాకా దిగిపోయింది.

అహోబలరావు సంతోషంగా, ఇక తమ జీపు స్థితిని నిర్ధారించమన్నాడు. పరాంకుశం కిటికీలోంచి తల బయటపెట్టి, కింద చక్రాలను చూసుకుని, తల లోపలికి తీసుకున్నాడు.

"తన స్థితి ఏమిటో తేలని సంఘం ఇతరుల స్థితిని తేల్చడం ధర్మం కాదు రావుగారూ. ముందు మేము కూరుకుపోయామా లేదా అన్నది నిర్ధారణ కావాలి."

"మీరే నిర్ధారించుకోండి."

"తన విషయంలో తానే తీర్పరి కారాదు. సహజ న్యాయం."

అది అహోబలరావుకు నచ్చింది. తన నిబంధనను ఇంత శ్రద్ధగా చదివినవాడు మండలిలో మరొకడున్నాడని ఆయన కళ్ళు మెరిశాయి. వకుళ ఆ మెరుపును చూసి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇద్దరూ ఒక జీపులోంచి మరొక జీపులోకి, కూరుకుపోవుట అనగా ఏమి, ఏ లోతు నుంచి అది కూరుకుపోవుట అగును, చక్రం తిరుగుతూ ఉండియు కదలనిచో దానిని చలనముగా ఎంచవలెనా అని చాలాసేపు మర్యాదగా చర్చించుకున్నారు. సభ్యులలో ఒకడు కారప్పూస పొట్లం విప్పి, కిటికీలోంచి వకుళకు కూడా అందించాడు. ఎండ తగ్గడం మొదలైంది. పట్నం నుంచి శేషగిరి ఫోను చేసి, ఎక్కడిదాకా వచ్చారని అడిగాడు. ఉన్నచోటే ఉన్నామని ఆమె చెప్పింది. బావమరిది కొత్త ఉత్తరీయం వేసుకున్నాడని ఆయన తెలియజేశాడు.

సంఘాన్ని నిర్ధారించగల అధికారం సంచాలకుడికే ఉంది. కనుక సంచాలకుడు విరూపాక్షయ్య స్వయంగా బయలుదేరి వచ్చాడు. ఆయనది విదేశీ వాహనం. ఏ ఇసుకలోనూ దిగబడదని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉందట. ఆ పుస్తకం గరికదిన్నెను చూసి రాసినది కాదు. రెండు వాహనాల మధ్యకు హుందాగా వచ్చి, ఆగి, చిన్న నిట్టూర్పుతో అదీ కూర్చుంది.

విరూపాక్షయ్య కలత చెందలేదు. అద్దం దించి, వకుళకు నమస్కరించి, ఇది సమస్య కాదనీ, సందర్భమనీ అన్నాడు. ఒకే స్థలంలో ఒకే దినాన మూడు ఉద్ధరణలకు యోగ్యమైన స్థితులు ఏర్పడటం మండలి చరిత్రలో మొదటిసారి అన్నాడు. వార్షిక నివేదికలో దీనికి ఒక ఫొటో ఉండాలన్నాడు. అయితే సంచాలకుడి స్థితిని నిర్ధారించవలసినవారు రాజధానిలో ఉన్నారు. ఆయన వారికి ఫోను చేశాడు. ఉన్నతస్థాయి బృందం ఒకటి రేపు ఉదయం బయలుదేరుతుందని వారు హామీ ఇచ్చారు. వాళ్ళు ఏ వాహనంలో వస్తారని వకుళ అడిగింది. మండలి వాహనంలోనే అని, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు ఆయన చెప్పాడు.

చెరువులో పడ్డవాడిని తీయడానికి దూకినవారందరూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని నీటి లోతు గురించి మాట్లాడుకుంటున్నట్టు ఆమెకు తోచింది. తారురోడ్డు మీద పట్నం బస్సు ఒకటి పోయింది. తరువాత మరొకటి పోయింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి నెల రోజులుగా తయారుచేసుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అవన్నీ ఇక్కడ జరుగుతున్నదాని ముందు ఎంతో ప్రస్తుతంగా, ఎంతో సబబుగా కనిపించి, ఆమెకు మొదటిసారి దిగులు వేసింది.

అప్పుడు గంటలు వినిపించాయి.

దిబ్బ వెనకనుంచి ఎర్రిస్వామి జోడెద్దులతో వచ్చాడు. రాతి బండను ఎద్దులతో లాగించే పోటీలలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. మరునాడు పట్నంలో పోటీ. అలవాటు తప్పకుండా ఎద్దులను ఇసుకలో నడిపించుకుంటూ అటే పోతున్నాడు. మూడు వాహనాలనూ, వాటిలో కదలక కూర్చున్న పెద్దలనూ చూసి, ఎద్దులను ఆపాడు.

"ఏమప్పా, అందరూ ఈడ కూసున్యారు? వనభోజనాలా?"

ఖాజావలి ఒంటికాలి మీద నిలబడి సంగతంతా చెప్పాడు. ఎర్రిస్వామి విని, దీనికింత ఎందుకనీ, గొలుసు తగిలిస్తే తన ఎద్దులు మూడింటినీ లాగి అవతల పెడతాయనీ అన్నాడు. కుడివైపుది కలెక్టరు, ఎడమవైపుది డిప్టీ అని పరిచయం చేశాడు.

"ఆ పేర్లేమిటయ్యా?" అని విరూపాక్షయ్య కొంచెం నొచ్చుకున్నాడు.

"మా ఊరికి కలెక్టరొచ్చిన పొద్దు పుట్టింది సామీ. ఆయప్ప ఊర్లో నిలబడకుండా పోయినాడు. ఇదీ అంతే, కదిలిందంటే నిలబడదు."

పరాంకుశం అభ్యంతరం చెప్పాడు. ఎద్దులు గుర్తింపు పొందిన ఉద్ధారకాలు కావు. అయినా సరే, ధ్రువీకరణ లేనిదే ఎవరు లాగినా ఉద్ధరణే. ఉద్ధరణ అయితే నిషిద్ధమే. అహోబలరావు దుఃఖంతో తల ఊపాడు. తన వాక్యంలో ఎద్దు దూరే సందు కూడా లేదు.

వకుళ ఎద్దుల వైపు చూసింది. తరువాత వెనకకు తిరిగి, రెండు దిబ్బల అవతల తుప్పుపట్టి కనిపిస్తున్న రోలరు వైపు చూసింది. తరగతిలో నిద్రపోతున్న వెనక బెంచీని లేపడానికి వాడే గొంతు ఒకటి ఆమెకుండేది. దానిని బయటికి తీసింది.

"సంచాలకులుగారూ, ఆ రోలరును రాయిగా ప్రకటించినది తమరే కదా?"

"ప్రాచీన శిలగా," అని ఆయన సవరించాడు.

"మావారి నిబంధన ఏ వాహనమూ అని మొదలవుతుంది. నాకు బాగా గుర్తు, నేనే దిద్దాను. రాళ్ళ గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఈ జీపును కూడా తమరు రాయిగా ప్రకటించండి. రాయి కూరుకుపోదు. రాయికి ధ్రువీకరణ అక్కర్లేదు. రాయిని ఎద్దులు లాగడం ఈ సీమలో ఆచారం. దానిని ఉద్ధరణ అనరు, పోటీ అంటారు."

అహోబలరావు భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. పరాంకుశం కళ్ళు మూసుకుని నిబంధన మొత్తాన్ని మనసులో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిచి వచ్చాడు.

"పూర్వోదాహరణ ఉంది," అని చివరికి ఒప్పుకున్నాడు. "తప్పు కనబడటం లేదు."

విరూపాక్షయ్య ఆ క్షణాన్ని గౌరవించడానికి కూర్చున్నచోటే కోటు గుండీ పెట్టుకున్నాడు. తమకు సంక్రమించిన ప్రత్యేకాధికారమును పురస్కరించుకొని, ఎదుటనున్న సదరు వస్తువును నేటినుండి శిలగా ప్రకటించడమైనదని పలికాడు. ఖాజావలి చేతికందించిన కాగితం మీద సంతకమూ చేశాడు. సంచాలకుడు తన వాహనాన్ని కూడా రాయి చేసుకోవచ్చు గదా అని ఎర్రిస్వామి అడిగాడు. తన విషయంలో తానే తీర్పరి కారాదని పరాంకుశం విచారంగా గుర్తు చేశాడు.

పోటీ రాయి అన్నాక బరువు ఉండాలి. లోపలున్న ముగ్గురితో సహా అంచనా కట్టి పరాంకుశమే చెప్పగా, ఎర్రిస్వామి రుమాలు కొసన కట్టుకున్న సుద్దముక్కతో ఆ అంకెను జీపు ముందుభాగం మీద పెద్దగా రాశాడు. బరువులో చేరినవారు రాయిలో భాగమే గనుక, సంచాలకుడు మరొక ఉత్తర్వు ఇచ్చేవరకు ఎవరూ దిగకూడదని కూడా అప్పుడే తేల్చారు. రాయి తనంతట తాను నడవదు గనుక ఇంజను వేయకూడదన్నారు. ఇంతకంటే మంచి నిర్ణయం తాను విని ఎరగనని, ఖాజావలి రెండో కాలు కూడా లోపలికి తీసుకున్నాడు.

గొలుసు బిగిసింది. ఎర్రిస్వామి చెర్నాకోల గాలిలో ఆడించి ఒక్క కేక పెట్టాడు. కలెక్టరు వంగింది, డిప్టీ వంగింది. జీపు ఇసుకను అటూ ఇటూ దున్నుకుంటూ లేచి కదిలింది. నిబంధనలు ఎరిగిన పెద్దలందరూ ఒక్కసారిగా సీమ మనుషులైపోయారు. పరాంకుశం కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చి ఈల వేశాడు. కారప్పూస సభ్యుడు డిప్టీని పేరుపెట్టి హెచ్చరించాడు. విరూపాక్షయ్య, ఎడమది పక్కకు పీకుతోందనీ, ముకుతాడు సడలించమనీ అరిచి, తరువాత సర్దుకుని అద్దం ఎత్తుకున్నాడు.

తారురోడ్డు ఎక్కాక చక్రాలు తేలిగ్గా దొర్లాయి, ఎద్దులు పరుగందుకున్నాయి. షెడ్డులోని లాగుడు వాహనం ముందునుంచే వెళ్ళారు. దాని నిమ్మకాయలు బాగా ఎండిపోయాయని వకుళ గమనించింది. అహోబలరావు, ఊరు కనబడుతుండగా, నిబంధనలో రాళ్ళ మాట చేర్చకపోవడం లోపమేనని ఒప్పుకున్నాడు.

"ఇప్పుడు చేర్చకండి. నేను తిరిగి ఇంటికి రావాలి," అంది ఆమె.

సమితి హాలు ముందు ఎద్దులు ఆగేసరికి, లోపల ఆఖరి ప్రార్థన పద్యం ఆఖరి పాదంలో ఉంది. వకుళ దిగింది. బరువు తగ్గుతుందని ఆయన గొణిగాడు. ఆ తేడాకు సంజాయిషీ ఆయననే ఇచ్చుకోమని చెప్పి, కొంగులోని ఇసుక దులుపుకుని లోపలికి నడిచింది. కొత్త ఉత్తరీయం సగం కూర్చుని ఉంది. ఆమె వెళ్ళి ఆ కుర్చీ పక్కన నిలబడి చూసింది. అది లేచింది.

అవధాని పెద్దవాడు, చతురుడు. ఇటువంటి కుర్చీలను ఎన్నిటినో నవ్వించి నోరు మూయించినవాడు. అడ్డుపెట్టిన అక్షరాలను తప్పించుకుంటూ చెప్పే నిషిద్ధాక్షరి రెండో పాదంలో ఉండగా, ఈసారి తానే ముందు దెబ్బ తీద్దామని ఆమె వైపు తిరిగి, అమ్మగారు ఆలస్యంగా వచ్చారేమని అడిగాడు.

నెల రోజులుగా తయారుచేసుకున్న ప్రశ్నలలో ఒక్కటీ ఆమె వాడలేదు. ఇసుకలో జీపు కూరుకుపోయిందనీ, కూరుకుపోయిందో లేదో చూడవచ్చిన సంఘం కూరుకుపోయిందనీ, ఆ సంఘాన్ని చూడవచ్చిన సంచాలకుడు కూరుకుపోయాడనీ, అందువల్ల జీపును రాయిగా ప్రకటించి ఎద్దులతో లాగించుకుని వచ్చామనీ, హాజరుపట్టీ చదివినట్టు వరసగా చెప్పింది. సంఘం మాట దగ్గర సభ నవ్వడం మొదలుపెట్టింది. రాయి మాట దగ్గర శేషగిరి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత తడుముకోకుండా, ఇంత గంభీరంగా అప్రస్తుతం అల్లినవారిని తాము చూడలేదని ముందు వరసలోవారు ఒకరితో ఒకరు అనుకున్నారు. అవధాని ఏదో చమత్కారం కోసం నోరు తెరిచి, మూసి, ధార వెతుక్కున్నాడు. అది దొరకలేదు.

"అమ్మా, కల్పన మరీ ఇంత దూరం పోవచ్చునా?" అన్నాడు.

"దూరమేం లేదండీ. బయట వేపచెట్టు కింద ఉంది. మావారు అందులోనే ఉన్నారు."

జనం కిటికీల దగ్గరికి లేచారు. చెట్టు కింద ఎద్దులు గడ్డి నములుతున్నాయి. ముందుభాగం మీద బరువు రాసి ఉన్న జీపులో అహోబలరావు నిటారుగా కూర్చుని ఉన్నాడు. అంతమంది తనను చూస్తుండటంతో అలవాటుగా నమస్కారానికి చేతులెత్తి, తాను రాయిలో భాగమన్నది గుర్తుకు వచ్చినవాడిలా, మెల్లగా దించుకున్నాడు.